వెయిల్డ్ ఊసరవెల్లికి ఏ లైటు పెట్టాలి? కిట్‌లో వచ్చిన ఎర్ర బల్బు వాడొచ్చా?

ప్లేనో నాన్న | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది టెక్సస్‌లో ప్లేనో. ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయి రెండేళ్లు పోరుపెట్టి చివరికి నెగ్గింది. ఈ వారమే ఇంటికి వెయిల్డ్ ఊసరవెల్లి పిల్ల వచ్చింది. షాపువాళ్లు నాలుగు నెలల వయసు అన్నారు. పేరు చిట్టి.

వాళ్లే ఒక కిట్ అంటగట్టారు. జాలీ గూడు (16 అంగుళాలు అటూ ఇటూ, 30 ఎత్తు), స్ప్రింగులా చుట్టలు తిరిగిన యూవీబీ బల్బు ఒకటి (ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఇచ్చేదట), 75 వాట్ల వేడి బల్బు, రాత్రికి ఎర్ర బల్బు, అంటించుకునే గుండ్రటి ధర్మామీటరు. బల్బులు బిగించే గిన్నెల్లాంటి డోములు రెండూ గూడు పైన జాలీ మీదే పెట్టాను. ఎర్ర బల్బు చూసి మా అమ్మ "దేవుడి గదిలో జీరో బల్బులా ఉంది, దీనికెందుకురా?" అంది. నా దగ్గర జవాబు లేదు. గూడు పడమటి కిటికీ పక్కన ఉంది, సాయంత్రం మంచి ఎండ పడుతుంది. ఇంత సరిపోతుందా? ఇంకేమైనా కొనాలా?

మందారపొద | శనివారం, రాత్రి 10:15

ప్లేనో నాన్న గారూ, చిట్టికి స్వాగతం. న్యూజెర్సీలో తొమ్మిదేళ్లుగా పాంథర్ జాతి ఊసరవెల్లులు పెంచుతున్నాను, అంతకుముందు వెయిల్డ్ ఉండేది.

ముందు ఆ ఎర్ర బల్బు తీసి డబ్బాలో పెట్టేయండి. మళ్లీ బయటికి తీయొద్దు. ఎర్ర వెలుగు వాటికి కనపడదని షాపుల్లో చెప్తుంటారు. కనపడుతుంది. మొహం మీద లైటు వేసి మనల్ని పడుకోమంటే ఎలా ఉంటుందో దానికీ అంతే. మీ అమ్మగారి ప్రశ్నే కరెక్టు.

మిగతాది చెప్పేముందు మూడు సంగతులు కావాలి. పైన జాలీకి, అది ఎండ కాచుకునే కొమ్మకి మధ్య ఎన్ని అంగుళాలుంది? రాత్రి ఇంట్లో వేడి ఎంతకి పడుతుంది? చిట్టి ఆడా మగా?

బాల్‌పైథాన్ బాబ్జీ | శనివారం, రాత్రి 11:02

అక్కా, ఒక్క నిమిషం. రాత్రిపూట వేడి లేకపోతే సరీసృపాలకి తిండి అరగదు కదా? నా పైథాన్‌కి ఇరవై నాలుగు గంటలూ హీట్ మ్యాట్ ఉంటుంది. ఎర్ర బల్బు వద్దంటే, వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీటరైనా పెట్టాలి. నవంబరు నెల, పసిపిల్ల. గడ్డకట్టుకుపోతే?

మందారపొద | ఆదివారం, ఉదయం 7:20

బాబ్జీ, పాము లెక్క పాముదే. వెయిల్డ్ సొంతూరు యెమెన్, సౌదీ నైరుతి మూల. అక్కడి కొండల్లో పగలు ఎండ బాగా కాసినా రాత్రికి చల్లబడుతుంది. ఆ చల్లదనం వీటికి నిద్రలో భాగం. ఇంట్లో 60ల్లో (ఫారెన్‌హీట్) ఉంటే హాయిగా నిద్రపోతుంది, తెల్లవారి లైటు వెలిగాక ఒళ్లు వేడెక్కించుకుని తిండికి దిగుతుంది. రాత్రంతా వేడి పెడితే నిద్ర చెడుతుంది, ఒంట్లో నీరు కూడా ఎక్కువ పోతుంది. ఇల్లు 55 కంటే కిందికి పోతే అప్పుడు సిరామిక్ హీటరు మాట. అదీ పింగాణీ హోల్డరులోనే, ప్లాస్టిక్ హోల్డరు కరిగిపోతుంది.

హీట్ మ్యాట్ వీటికి అసలు వద్దు. ఊసరవెల్లి కింద పడుకునే జీవి కాదు, వేడంటే దానికి పైనుంచి రావాలి.

కొలతల రాజు | ఆదివారం, ఉదయం 11:48

శాన్‌హోసే నుంచి. నేను కొంచెం పెద్దగా రాస్తాను, టీ తెచ్చుకుని చదవండి.

కొత్తవాళ్లు దాదాపు అందరూ వేడి, యూవీబీ రెండింటినీ ఒకే పనిగా చూస్తారు. ఎండలో రెండూ కలిసే వస్తాయి కాబట్టి అలా అనిపిస్తుంది. గూట్లో మాత్రం రెండు వేరు వేరు లైట్లు పెట్టి, రెంటినీ ఒకే కొమ్మ మీద కలపాలి.

యూవీబీ ఎందుకంటే, మన ఊళ్లలో పసిపిల్లలకి నూనె రాసి నలుగు పెట్టి పొద్దున్నే నీరెండలో పడుకోబెడతారు చూడండి, అందుకే. ఆ కిరణాలు తగిలి చర్మంలో విటమిన్ డీ3 తయారవుతుంది. అది లేకపోతే తిండిలో కాల్షియం ఎంత చల్లినా ఒంటికి పట్టదు. ఎముకలు మెత్తబడి కాళ్లు దొడ్డికాళ్లు అవుతాయి, దవడ రబ్బరులా అవుతుంది. ఒకసారి వంగిన ఎముక మళ్లీ చక్కబడదు. నాలుగు నెలల పిల్ల రోజురోజుకీ పెరుగుతుంటుంది కాబట్టి చిట్టికి ఇది ఇప్పుడే ముఖ్యం.

కిటికీ ఎండని నమ్ముకోకండి. అద్దం యూవీబీని ఆపేస్తుంది. లోపలికి వచ్చేది వెలుగు, వేడి మాత్రమే. పడమటి కిటికీ కాబట్టి సాయంత్రం గూడు ఉడికిపోయే ప్రమాదం అదనం. అక్కడి నుంచి జరపండి.

చుట్టల బల్బు కిరణాలు ఒకే చోట చిన్న మచ్చలా పడతాయి, పక్కకి జరిగితే బాగా తగ్గిపోతాయి. కావలసింది పొడుగు ట్యూబ్‌లైటు. టీ5 హెచ్‌ఓ రకం (సన్నటి, శక్తి ఎక్కువ ఉన్న ట్యూబు), వెనక అద్దంలా మెరిసే రేకున్న ఫిట్టింగుతో. అర్కేడియా కంపెనీ 6 శాతం యూవీబీ ట్యూబు గానీ రెప్టీసన్ 5.0 గానీ సరిపోతుంది. రెండడుగుల గూటికి 24 వాట్ల ట్యూబు వస్తుంది. పాత టీ8 ట్యూబులు చవక, కానీ శక్తి తక్కువ.

ఇక దూరం. ఫోన్‌లో వాతావరణం యాప్ చూపించే యూవీ ఇండెక్స్ ఉంది కదా, మేం కొలిచేదీ అదే. మీ టెక్సస్‌లో వేసవి మధ్యాహ్నం అది 10కి పోతుంది. చిట్టికి కొమ్మ మీద 3 చాలు, అంటే నీరెండ అన్నమాట. 6 శాతం ట్యూబు జాలీ మీద పెడితే దాని వీపుకి 8, 9 అంగుళాల దూరంలో సుమారు అంత వస్తుంది. కొమ్మకి కాదు, వీపుకి. కొమ్మ మీద కూర్చున్న జంతువు వీపు రెండంగుళాలు పైకి ఉంటుంది. జాలీ కూడా కిరణాల్లో మూడో వంతు దాకా మింగేస్తుంది, జాలీని బట్టి ఇది మారుతుంది. సందేహం లేకుండా తెలియాలంటే సోలార్‌మీటర్ 6.5 అనే పరికరం ఉంది, రెండు వందల డాలర్ల పైమాటే. దగ్గర్లో సరీసృపాల క్లబ్బు ఉంటే అక్కడ అరువడగండి. నేను కొనేశాను, మా ఆవిడ ఇంకా ఆ విషయం మర్చిపోలేదు.

ట్యూబు ఏడాదికోసారి మార్చాలి. వెలుగుతూనే ఉంటుంది, కానీ యూవీబీ తగ్గిపోతుంది, కంటికి తెలియదు. పెట్టిన రోజే స్కెచ్ పెన్నుతో దాని మీద తేదీ రాసుకోండి.

ప్లేనో నాన్న | ఆదివారం, సాయంత్రం 4:30

రాజు గారూ, మందారపొద గారూ, చాలా థ్యాంక్స్. గూడు లోపలి గోడ వైపు జరిపాను. ఎర్ర బల్బు డబ్బాలోకి పోయింది. రాత్రి హాల్లో 66 ఉంటుంది.

ఇంకో సమస్య. మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి మూడు నెలలుగా మాతోనే ఉంది. పట్టపగలు లైట్లెందుకని కరెంటు ఆదాకి స్విచ్ ఆపేస్తోంది. ఆవిడే ఇంకో మాట చెప్పింది. లైటు ఉన్నంతసేపూ చిట్టి నోరు తెరుచుకుని కూర్చుంటోందట, ఆపితే మూస్తోందట. "దాహమేమోరా" అంటోంది. నేను ఆఫీసులో ఉంటా, పాప స్కూల్లో ఉంటుంది, చూసేది ఆవిడొక్కతే. ఇది మామూలేనా?

ఓరుగల్లు టు ఆస్టిన్ | ఆదివారం, సాయంత్రం 4:41

అన్నా, మామూలు కాదు! నోరు తెరిచి కూర్చుందంటే వేడి తట్టుకోలేకపోతున్నట్టు. ఆ వేడి బల్బు ఇప్పుడే ఆపెయ్. అమ్మ స్విచ్ ఆపుడు దానికి మంచిదే అయింది.

నా తప్పు చెప్తా విను. మొదటి వెయిల్డ్‌కి నేనూ ఇట్లనే డోము జాలీ మీద పెట్టిన, వంద వాట్ల బల్బు. రోజూ పైకి పోయి బల్బు కింద జాలీకి తలకిందులుగా వేలాడేది. ఇష్టమేమో అనుకున్న. వారం పది రోజులకి నెత్తి మీద కిరీటంలా లేచి ఉండే భాగం చివర తెల్లగా ఒక మచ్చ. పొర ఊడుతుందేమో అనుకున్న. డాక్టర్ దగ్గరికి తీసుకుపోతే కాలిందన్నారు. కాలిన రోజే కనపడదు, తర్వాత తేలుతుంది. బతికింది గానీ కిరీటం కొన మాత్రం పోయింది.

అవి వేడి నుంచి టైముకి తప్పుకుంటాయని నమ్మొద్దు. ఒళ్లంతా వెచ్చబడేలోపు పైనున్న నెత్తి, వీపు మాడుతయి. దోసె పెనం మీద వేలు పెడితే మనం లాగేస్తం, ఇది లాగదు. డోము జాలీకి ఆనకుండా రెండు మూడు అంగుళాలు పైకి లేపి స్టాండుకి వేలాడదీయి.

ప్లేనో నాన్న | ఆదివారం, రాత్రి 8:05

వెంటనే ఆపేశాను. తర్వాత షాపుకెళ్లి తీగ చివర ప్రోబు ఉన్న డిజిటల్ ధర్మామీటరు తెచ్చాను. కొమ్మ మీద దాని వీపు ఎత్తులో ప్రోబు కట్టి, చిట్టిని వేరే చెట్టు మీద ఉంచి, బల్బు వేసి అరగంట చూశాను. 97! కిట్‌లోని గుండ్రటి మీటరు అదే సమయానికి 82 చూపిస్తోంది. పై జాలీకి కొమ్మకి మధ్య అయిదంగుళాలే ఉంది. కొంచెం భయమేసింది, నిజం చెప్పాలంటే.

కొలతల రాజు | ఆదివారం, రాత్రి 8:50

మంచి పని చేశారు. ఆ అంటించే మీటరు గోడ దగ్గరి గాలి చూపిస్తుంది, చిట్టి వీపుకి తగిలేది కాదు. ఇకపై వాట్ల గురించి ఎవరినీ అడగకండి, నన్ను కూడా. 75 వాట్లు మా ఇంట్లో చల్లగా, మీ ఇంట్లో మంటగా ఉండొచ్చు. గది చల్లదనం, డోము వెడల్పు, ఏసీ గాలి ఎటు కొడుతోంది, ఇన్ని ఉన్నాయి. ప్రోబు ఏం చెప్తే అదే.

వరస ఇది. ముందు ట్యూబుకి తగ్గట్టు కొమ్మ ఎత్తు ఖాయం చేయండి. తర్వాత ఆ కొమ్మని కదపకుండా వేడి బల్బుని పైకీ కిందికీ జరిపి గానీ, డిమ్మరు పెట్టి గానీ లెక్క కుదుర్చుకోండి. చాలామంది తిరగేసి చేస్తారు, వేడి కోసం కొమ్మ జరిపి యూవీబీ లెక్క పాడుచేసుకుంటారు. డిమ్మరు వేడి బల్బుకి మాత్రమే. ట్యూబ్‌లైటుని డిమ్మరుకి తగిలించొద్దు.

అమ్మగారి కరెంటు ఆదాకి మందు టైమరు. ఉదయం 7కి వెలిగి సాయంత్రం 7కి ఆరేలా పెట్టి, స్విచ్ మీద టేపు అంటించండి.

పాతకాపు | సోమవారం, ఉదయం 6:30

ఇంత గొడవెందుకు? మెర్క్యురీ వేపర్ బల్బు ఒకటి పెడితే వేడి, యూవీబీ రెండూ వస్తాయి. మేం ఇరవై ఏళ్ల కిందట అలాగే పెంచాం. లేదంటే మామూలు 60 వాట్ల ఇంటి బల్బు, డాలరుకి దొరికేది.

కొలతల రాజు | సోమవారం, ఉదయం 9:10

పాతకాపు గారూ, పెద్దవారు, కాదనలేను. కానీ ఆ ఒక్క బల్బులో వేడి తగ్గిద్దామని పైకి లేపితే యూవీబీ కూడా తగ్గిపోతుంది, రెంటినీ విడదీయలేం. డిమ్మరు పనికిరాదు. 30 అంగుళాల చిన్న గూటికి ఆ వేడి మరీ ఎక్కువ. మనిషెత్తు గూట్లోనో, పెద్ద ఎడారి బల్లులకో సరే.

ఇంటి బల్బు సంగతి మాత్రం మీరన్నది నిజం. ఊసరవెల్లికి అంతకుమించి అక్కర్లేదు. కానీ అమెరికాలో 2023 ఆగస్టు నుంచి మామూలు ఫిలమెంటు ఇంటి బల్బుల అమ్మకం ఆగిపోయింది. ఇప్పుడు అదే వెచ్చదనం పెట్ షాపులో, బొమ్మ ఉన్న డబ్బాలో, నాలుగింతల ధరకి కొనాలి. ఎల్‌ఈడీ బల్బు కొమ్మని వెచ్చబెట్టలేదు.

ప్లేనో నాన్న | సోమవారం, రాత్రి 9:25

ఆడా మగా అని అడిగారు కదా, ఇప్పుడే వెనక పాదాల ఫోటో పెట్టాను. మా పాప మగదే అంటోంది. షాపులో అలా చెప్పారట.

మందారపొద | సోమవారం, రాత్రి 9:58

మగ వెయిల్డ్‌కి వెనక పాదం మడమ దగ్గర చిన్న ముల్లులాంటి బుడిపె ఉంటుంది, పుట్టినప్పటి నుంచే. మీ ఫోటోలో రెండు పాదాలూ నున్నగా ఉన్నాయి. చిట్టి ఆడపిల్లండీ.

దీంతో లెక్క మారిపోతుంది. మగదైతే పెద్దయ్యాక కొమ్మ మీద 85 నుంచి 90 దాకా పెట్టమనేదాన్ని. ఆడదానికి 80 దగ్గర ఆపేయండి. ఎందుకంటే వెయిల్డ్ ఆడది మగదాన్ని చూడకపోయినా గుడ్లు పెడుతుంది, ఫారం కోడిలా. వేడి ఎక్కువ, తిండి ఎక్కువ అయితే ఒంట్లో గుడ్లు మరీ ఎక్కువ తయారవుతాయి. యాభై అరవై గుడ్లు మోసి, పెట్టలేక లోపలే ఇరుక్కుని చచ్చిపోయినవి నాకు తెలుసు. నా వెయిల్డ్ అలాగే పోయింది. అప్పట్లో వేడి తగ్గించమని నాకెవరూ చెప్పలేదు, 90లో కూర్చోబెట్టి, అడిగినన్ని పురుగులు పెట్టి, ముద్దు చేశాను.

ఎదిగే వయసు కాబట్టి ఇప్పుడు రోజూ తిండి పెట్టండి. ఎదిగాక రోజు విడిచి రోజు, నాలుగైదు కీచురాళ్లు చాలు. అయిదో నెల నుంచి గూట్లో ఒక లోతైన డబ్బాలో తడి ఇసుక, మట్టి కలిపి ఉంచండి. గొయ్యి తవ్వి అందులో పెట్టుకుంటుంది. తవ్వుతున్నప్పుడు ఎవరైనా చూస్తే ఆపేస్తుంది, పాపకి ముందే చెప్పండి.

ఇంకోటి. లైటు ఎంత ముఖ్యమో నీడ అంతే. గుబురుగా మనీ ప్లాంటు, అంబ్రెల్లా మొక్క పెట్టండి. లైటులోంచి తప్పుకుని దాక్కునే చోటు దానికి ఉండాలి. మొక్కలు నిలవాలంటే పైన ట్యూబు పక్కనే తెల్లటి ఎల్‌ఈడీ ఒకటి వేయండి, గూడంతా పగలులా ఉంటుంది.

కదిరి కుర్రాడు | మంగళవారం, ఉదయం 10:05

నమస్తే అన్నా. మా చేను గట్టు మీద తుమ్మచెట్టుకి పచ్చటి ఊసరవెల్లి దొరికింది. దీనికి కూడా టీ5 ట్యూబే పెట్టాలా? ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది? డిగ్రీలు మన లెక్కలో చెప్పండి.

నిర్వాహకులు | మంగళవారం, ఉదయం 11:30

తమ్ముడూ, దాన్ని ఆ తుమ్మచెట్టు మీదే వదిలిపెట్టు, ఇవాళే. మన ఊసరవెల్లి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షిత జీవి. పట్టుకోవడం, ఇంట్లో పెంచడం రెండూ నేరం. ఈ చర్చలో చెప్పేదంతా విదేశాల్లో ఫారాల్లో పుట్టి అమ్మకానికి వచ్చే జాతుల సంగతి. అమెరికా 80 అంటే మన 27, వాళ్ల 66 అంటే మన 19.

కదిరి కుర్రాడు | మంగళవారం, మధ్యాహ్నం 1:15

వదిలేశాను. అది కూడా నోరు తెరిచి బుస్సుమంది, ఎండకి కాదు, నా మీద కోపంతో.

బాల్‌పైథాన్ బాబ్జీ | బుధవారం, రాత్రి 10:40

నేను ఒప్పుకుంటున్నాను, రాత్రి వేడి వద్దు. కానీ ఒక్క ప్రశ్న. టెక్సస్‌లో మొన్నటిలా కరెంటు పోతే?

ఓరుగల్లు టు ఆస్టిన్ | బుధవారం, రాత్రి 11:20

2021 ఫిబ్రవరి మంచు తుఫాను గురించేనా? నేను అనుభవించిన. రెండు రోజులు కరెంటు లేదు, ఇంట్లో 48. గూట్లో నీళ్లు చల్లుడు పూర్తిగా బంద్ చేసిన, తడిసి చల్లబడితేనే ప్రమాదం. తిండి కూడా పెట్టలేదు, ఒళ్లు వెచ్చబడకుండా తింటే లోపల అరగక కుళ్లుతది. గుడ్డ సంచిలో వేసి, పైన టవల్ చుట్టి, మేమందరం ఉన్న ఒకే గదిలో పెట్టుకున్న. సంచి లోపల చీకటి కాబట్టి పడుకుంది. కరెంటు వచ్చినంక వెంటనే బల్బు కింద పెట్టలేదు, గది మెల్లగా వెచ్చబడనిచ్చిన. పెద్ద జంతువు కాబట్టి తట్టుకుంది, చిట్టి అంత పిల్లకైతే సంచిని ఒంటికి ఆనించి పెట్టుకోవాలె.

చలితో నల్లబడి, ఒళ్లు పలకలా చదునుగా చేసి లైటు వైపు పక్కకి తిప్పి కూర్చుంటది చూడు, అది వేడి తాగుతున్నట్టు. పొద్దున అరగంట అలా కూర్చుంటే మంచిదే. రోజంతా అట్లనే ఉంటే వేడి చాలట్లేదు.

ప్లేనో నాన్న | మూడు వారాల తర్వాత, శుక్రవారం, సాయంత్రం 7:12

అందరికీ అప్‌డేట్. పెద్ద గూడు కొన్నాం, రెండడుగులు, రెండడుగులు, నాలుగడుగుల ఎత్తు. 6 శాతం ట్యూబు మీద తేదీ రాసి పెట్టాను. కొమ్మ జాలీకి పదకొండు అంగుళాల కింద ఉంది, చిట్టి కూర్చుంటే వీపు సరిగ్గా తొమ్మిదికి వస్తోంది. వేడికి 50 వాట్ల హాలోజన్, డిమ్మరుతో, డోము స్టాండుకి వేలాడుతోంది, గొలుసు కూడా కట్టాను, ఊడి కార్పెట్ మీద పడితే ఇల్లే అంటుకుంటుంది కదా. ప్రోబు 80 చూపిస్తోంది, ఎప్పుడైనా 81. డల్లాస్ సరీసృపాల ప్రదర్శనలో ఒకాయన తన మీటరు రెండు రోజులు అరువిచ్చారు, యూవీ ఇండెక్స్ 2.9 వచ్చింది. రాజు గారూ, మీ నోటి మాట పరికరంతో సమానం.

నోరు తెరవడం ఆగిపోయింది. కిరీటం మీద మచ్చ ఏమీ రాలేదు.

టైమరు పెట్టాక అమ్మ స్విచ్ జోలికి పోవడం లేదు. ఇప్పుడు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. పొద్దున ఎంతసేపు నల్లగా ఉంది, ఎప్పుడు పచ్చబడింది, ఎన్ని పురుగులు తింది, నాకు సాయంత్రం లెక్క అప్పజెబుతుంది. మా పాప కంటే ఆవిడకే ఎక్కువ తెలుసు. ఫిబ్రవరిలో తిరుగు ప్రయాణం, టికెట్ పొడిగించమంటోంది.

ఆవిడ అడగమన్న ప్రశ్న: మందార పువ్వు పెట్టొచ్చా? బాల్కనీ కుండీలో పూస్తోంది, మందులేమీ కొట్టలేదు.

మందారపొద | శుక్రవారం, సాయంత్రం 7:30

నా పేరు చూసి కూడా అడుగుతారా? నిక్షేపంగా పెట్టొచ్చు. వెయిల్డ్ ఆకులు, పువ్వులు ఇష్టంగా తింటాయి. అమ్మగారి చేత్తోనే ఇప్పించండి, ఫోటో పెట్టండి.

ప్లేనో నాన్న | శుక్రవారం, సాయంత్రం 7:34

ఇప్పుడు కుదరదండీ, ఏడింటికే లైట్లు ఆరిపోయాయి. కొమ్మ చివర తోక చుట్టుకుని లేత రంగులో పడుకుంది. అమ్మ హాల్లో లైటు కూడా వేయనివ్వడం లేదు.